మాటకు తాళం.. చెవి ఎవరి దగ్గర?

2021 ఫిబ్రవరి 1. ఢిల్లీ సరిహద్దుల్లో రైతుల ఆందోళన సాగుతోంది. ఆరోజు ట్విట్టర్‌లో 'కారవాన్' పత్రిక, 'కిసాన్ ఏక్తా మోర్చా' సహా దాదాపు 250 ఖాతాలు మాయం! కొన్ని గంటలకు కంపెనీ మనసు మార్చుకుని మళ్లీ తెరిచింది. కేంద్రానికి కోపమొచ్చింది. తర్వాత 1,178 ఖాతాలతో మరో జాబితా వెళ్లింది. ఈసారి చాలావాటిని కంపెనీ మూసేసింది.

ఇంతకీ ఈ అధికారం ఎక్కడిది? ఐటీ చట్టంలోని 69ఎ సెక్షన్ ఇచ్చింది. దేశభద్రతకో శాంతిభద్రతలకో ముప్పనుకుంటే కేంద్రం తొలగించమనొచ్చు. మాట వినని కంపెనీ ప్రతినిధులకు ఏడేళ్ల వరకూ జైలు. ఫేస్‌బుక్ రాతలకు అరెస్టులేంటని శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని వేసిన కేసులో సుప్రీంకోర్టు 2015లో 66ఎని కొట్టేసింది కానీ 69ఎని నిలబెట్టింది. కారణాలు రాయాలి, నోటీసివ్వాలి.. ఇలాంటి జాగ్రత్తలు ఉన్నాయి కదా అంది.

మెలికంతా ఆ నోటీసులోనే! రాసిన వ్యక్తికి 'లేదా' కంపెనీకి ఇస్తే చాలంటాయి 2009 నాటి నిబంధనలు. పైగా అంతా గోప్యం. అంటే, నోటీసు ఇంటి యజమానికి.. ఖాళీ చేయాల్సింది అద్దెకున్నవాళ్లు. ఎందుకో అడుగుదామన్నా చేతిలో కాగితం ఉండదు.

అలాగని ప్రభుత్వం భయాన్ని కొట్టిపారేయలేం. 2018 జులై 1న మహారాష్ట్రలోని రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్న పుకారుకు ఐదుగురు బలయ్యారు. కేంద్రం గట్టిగా నిలదీశాకే కదా, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ కట్టడి చేసింది! ఒత్తిడి తప్పని కాదు, చాటుగా ఉండటమే ఇబ్బంది.

2022 జులైలో ట్విట్టర్ కర్ణాటక హైకోర్టుకెక్కింది. ఏడాది తిరిగేసరికి కేసు ఓడి, రూ.50 లక్షల జరిమానా వేయించుకుంది. విదేశీ కంపెనీకి భావప్రకటన హక్కు వర్తించదంది కోర్టు. మరి ఆ హక్కున్న మనవాళ్ల చేతికేమో ఆదేశమే రాదాయె!

తర్వాత 2024లో 'సహయోగ్' పోర్టల్ వచ్చింది. పోలీసులతోపాటు రకరకాల శాఖల అధికారులు దీన్నుంచి నేరుగా కంపెనీలకు నోటీసులు పంపొచ్చు. 69ఎలోని పాటి జాగ్రత్తలూ ఇందులో లేవంటూ, అప్పటికే 'ఎక్స్'గా మారిన ట్విట్టర్ మళ్లీ అదే కోర్టు మెట్లెక్కింది. 2025 సెప్టెంబరు 24న ఆ పిటిషనూ వీగిపోయింది. అప్పీలుకు వెళ్తామని కంపెనీ ప్రకటించింది.