హైదరాబాద్ జిల్లా వేరు, హైదరాబాద్ నగరం వేరు

కూకట్‌పల్లి వాళ్లను మీది ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అనే చెబుతారు. దరఖాస్తులో జిల్లా గడి దగ్గరికొచ్చేసరికి మేడ్చల్-మల్కాజిగిరి అని రాస్తారు. గచ్చిబౌలి వాళ్లయితే రంగారెడ్డి అని రాయాలి. ఊరి పేరు ఒకటే, జిల్లాలు వేరు. ఈ తేడా పట్టించుకోకుండా చదివితే జనాభా లెక్కలు తప్పుగా అర్థమవుతాయి.

హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం 217 చదరపు కిలోమీటర్లే. తెలంగాణలో ఇదే అతి చిన్న జిల్లా. 1978లో పాత జిల్లాలోని చుట్టుపక్కల ప్రాంతాలను విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. మిగిలిన నగర భాగమే హైదరాబాద్ జిల్లాగా నిలిచింది.

జిల్లాలో హైదరాబాద్, సికింద్రాబాద్ అని రెండు రెవెన్యూ డివిజన్లు, చార్మినార్, గోల్కొండ, అమీర్‌పేట, ముషీరాబాద్ వంటి 16 మండలాలు ఉన్నాయి. అయితే పల్లెల్లో మండలమంటే మనకు తెలిసిన పంచాయతీలు, మండల పరిషత్తులు ఇక్కడ కనిపించవు. జిల్లా మొత్తం పట్టణ ప్రాంతమే కాబట్టి గ్రామ పంచాయతీ ఒక్కటీ లేదు, జిల్లా పరిషత్తూ లేదు. కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ప్రభుత్వ భూముల వ్యవహారాలు తహసీల్దారు చూస్తారు. చెత్త, ఇంటి పన్ను నగరపాలక సంస్థ పని. తిరుమలగిరి మండలంలో, సికింద్రాబాద్ కంటోన్మెంట్ పరిధిలో ఉన్న కుటుంబాన్నే తీసుకోండి. ఆదాయ ధ్రువపత్రం తహసీల్దారు ఇస్తారు. ఇంటి పన్ను మాత్రం రక్షణ శాఖ కింద నడిచే కంటోన్మెంట్ బోర్డుకు కట్టాలి.

ఇక జనాభా సంగతి. 2001లో హైదరాబాద్ జిల్లా జనాభా సుమారు 38.30 లక్షలు, 2011లో 39.43 లక్షలు. చదరపు కిలోమీటరుకు 18 వేల మందికి పైగా ఉన్నారన్నమాట. అంతటి కిక్కిరిసిన జిల్లాలో పదేళ్లలో పెరుగుదల మాత్రం 3 శాతానికి కూడా చేరలేదు. నగరం పెరగడం ఆగిపోయిందా? అదే పదేళ్లలో అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 35.75 లక్షల నుంచి 52.97 లక్షలకు చేరింది, అంటే 48 శాతం పెరిగింది. హైదరాబాద్ జిల్లాలో ఖాళీ జాగా కరువైంది. ఐటీ కొలువులు, కొత్త కాలనీలు, అపార్టుమెంట్లు అప్పటి రంగారెడ్డి జిల్లాలోని శేరిలింగంపల్లి, కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్ వైపు విస్తరించాయి. నగరం హద్దు దాటి పెరిగింది, జిల్లా గీత ఉన్నచోటే ఉంది.

ఈ వాస్తవాన్ని పురపాలన ముందే గుర్తించింది. 2007లో పాత నగరపాలక సంస్థలో 12 పురపాలికలను, 8 గ్రామ పంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థను (జీహెచ్‌ఎంసీ) ఏర్పాటు చేశారు. దాని పరిధి ఒక్కసారిగా జిల్లాకు దాదాపు మూడింతలైంది. అలా కలిసిన వాటిలో పటాన్‌చెరు, రామచంద్రాపురం అప్పటి మెదక్ జిల్లాలోవి. అలా ఒకే నగరపాలక సంస్థ మూడు జిల్లాల్లో విస్తరించింది.

2021లో జరగాల్సిన జనగణన ఆలస్యమైంది. కొత్త లెక్కలు వచ్చాక హైదరాబాద్ పేరుతో అంకెలు పత్రికల్లో వరుస కడతాయి. ప్రతి అంకెనూ ఇది జిల్లాదా, నగరపాలక సంస్థదా, మొత్తం మహానగర ప్రాంతానిదా అని అడిగి మరీ చదవాలి. మంచినీళ్లు, బస్సులు, ఆసుపత్రి పడకలు ఎన్ని కావాలో తేల్చేది ఆ అంకెలే. జిల్లా గీత దగ్గరే లెక్క ఆపేస్తే, శివారు కాలనీల్లో నీటి ట్యాంకర్ కోసం ఎదురుచూసే లక్షల మంది ఆ ప్రణాళికల్లో కనిపించకుండా పోతారు.