ఎలిఫెంటా దీవికి ఒక రోజు - అమ్మకీ సెలవే!

ముంబయిలో ఉన్న కొడుకు దగ్గరికో, ఆడపడుచు ఇంటికో వెళ్ళారనుకోండి. నాలుగు రోజులు గడిచేసరికి పిల్లలు "ఎక్కడికైనా వెళ్దాం" అని ఒకటే గొడవ. గోవా వెళ్ళాలంటే సెలవులూ చాలవు, డబ్బూ చాలదు. అలాంటప్పుడు గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచి ఎక్కండి. గంటసేపట్లో పచ్చటి కొండల దీవిలో దిగుతారు. అదే ఎలిఫెంటా. అక్కడివాళ్ళు ఘారాపురి అంటారు.

అసలు షికారంటే మనమేం చేస్తాం? తెల్లారకముందే లేచి నాలుగు రకాలు వండి, సంచులు మోసుకెళ్ళి, తీరా అక్కడికెళ్ళాక "మీరు చూసి రండి, నేను సామాన్లు చూస్తుంటా" అని మెట్ల దగ్గర కూలబడతాం. ఈసారి అలా జరక్కుండా ముందే ఆలోచించుకుందాం.

ఎప్పుడు బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు హాయిగా ఉంటుంది. వానాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటే లాంచీలు ఆపేస్తారు. సోమవారం గుహలు మూసి ఉంటాయి. ఆదివారం జనం ఎక్కువ. పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే పైకి ఎక్కేయొచ్చు. రాత్రి అక్కడ బస ఉండదు. అందుకని దిగగానే ఆఖరి లాంచి ఎన్నింటికో అడిగి పెట్టుకోండి.

మొహమాటపడకండి

2024 డిసెంబరు 18న ఎలిఫెంటాకు వెళ్తున్న లాంచిని ఒక స్పీడ్‌బోటు ఢీకొట్టి పదమూడు మందికి పైగా చనిపోయారు. భయపడి మానుకోమని కాదు. లాంచి ఎక్కగానే ఇంటిల్లిపాదీ లైఫ్ జాకెట్లు వేసుకోండి. "చీర నలుగుతుంది", "ఉక్కపోస్తోంది" అనొద్దు. పిల్లలకి సరిపోయే సైజు అడిగి మరీ తీసుకోండి. జనం కిక్కిరిసి ఉంటే ఆ లాంచి వదిలేసి తర్వాతది ఎక్కండి.

సంచిలో ఏముండాలి?

పులిహోర ఒక్కటి చాలు. పక్కన కాసిని వడియాలు, నాలుగు అరటిపళ్ళు. నిమ్మకాయ పులిహోర కంటే చింతపండుదైతే సాయంత్రం దాకా పాడవదు. అన్నీ మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాల్లో సర్ది సంచిలో దాచండి. అక్కడి కోతులకి ప్లాస్టిక్ కవర్ కనిపిస్తే చాలు, లాక్కుపోతాయి! నీళ్ళ సీసా ఎవరిది వాళ్ళే మోసుకోవాలి. చిన్నపిల్లలైనా సరే.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులా?

రేవు నుంచి కొండ మొదలు దాకా బొమ్మ రైలు ఉంది. అక్కణ్ణుంచి గుహలకి సుమారు 120 మెట్లు. దారి పొడుగునా రెండువైపులా దుకాణాలే. బేరాలు దిగేటప్పుడు పెట్టుకోండి. ఎక్కలేనివాళ్ళకి డోలీలున్నాయి. కూలి ముందే మాట్లాడుకోవాలి. గుహల టికెట్ 15 ఏళ్ళలోపు పిల్లలకి అక్కర్లేదు.

చూడాల్సింది ఇదీ

కొండని తొలిచి చేసిన ఈ శివాలయం 1987లో ప్రపంచ వారసత్వ సంపదల్లో చేరింది. లోపల సుమారు 18 అడుగుల మూడు ముఖాల శివుడు కనిపిస్తాడు. నడుమ ప్రశాంతత, ఒకవైపు ఉగ్రరూపం, మరోవైపు ఆడవారి సౌకుమార్యం. కాసేపు అక్కడే నిలబడండి. పార్వతీ కల్యాణం, కైలాసాన్ని ఎత్తబోయిన రావణుడు - పిల్లలకి కథలు మీరే చెప్పొచ్చు. పోర్చుగీసువాళ్ళు ఇక్కడ రాతి ఏనుగుని చూసి ఈ పేరు పెట్టారు. ఆ ఏనుగు ఇప్పుడు బైకుల్లాలోని జిజామాత ఉద్యానంలో ఉంది.

అర్ధనారీశ్వరుడి దగ్గరికి వచ్చాక మాత్రం మీవారిని పిలిచి చూపించండి. "దేవుడే సగం సగం పంచుకున్నాడు" అంటూ సంచి ఆయన చేతికివ్వండి. ముందు సగం సేపు ఆయన కాపలా, తర్వాత మీరు. అప్పుడు ఇద్దరూ తీరుబడిగా చూసినట్టవుతుంది.

సాయంత్రం ఇంటికొచ్చాక మళ్ళీ వంటంటూ మొదలుపెట్టకండి. కందిపొడి, నెయ్యి, ఊరగాయ ఉంటే వేడన్నం చాలు. ఆ కుక్కరు పెట్టేది కూడా మీరే కానక్కర్లేదు!