చిత్రాంగి దోషమెంత?

మదరాసు రాజధానిలో నుండి, 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారి, తెలుగు నాటకమునకు తొలినాటి పుట్టినిండ్లలో నొకటి. అచ్చట న్యాయవాదియై, సరసవినోదినీ సభను నెలకొల్పిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853-1912) సంస్కృత నాటక సంప్రదాయమును మీరి తమ ‘విషాద సారంగధర’ను దుఃఖాంతము గావించిరి. ఆ దుఃఖమునకు చిత్రాంగి మోహమే కారణమని లోకము చెప్పును. అది సగము సత్యము.

కథను మొదటినుండి చూడుడు. రాజమహేంద్రవరము నేలు రాజరాజ నరేంద్రుడు, పట్టపురాణి రత్నాంగియు, ఎదిగిన కుమారుడును ఉండగా, ఆ కుమారునికి తగిన యీడుగల కన్యను తానే చేపట్టెను. యౌవనవతియైన యామె మనసు సారంగధరునిపై నిలిచెను. పెండ్లిచే నామె యతనికి తల్లి వరుస యయ్యెను. వరుస మారినంతనే మనసు మారదు. పావురమునకై వచ్చిన సారంగధరుడు ధర్మము తప్పలేదు. తిరస్కృతయైన చిత్రాంగి యతనిపై నింద మోపెను. ఆ నింద ఘోరము, దానిని సమర్థింపరాదు.

కాని యా నింద చెవిని పడగానే తగిన విచారణ లేక, కన్నకొడుకు కాలుసేతులు ఖండింపుడని యానతిచ్చినవాడు రాజు. అసూయచే దహింపబడు భర్తయే అచ్చట న్యాయాధిపతి! వాదియు తీర్పరియు నొక్కడైన సభలో నిరపరాధికి రక్ష యుండదు. ఈడు మించి పెండ్లాడినవాని యింట అనుమానము ముందుగనే కాపురముండును. చిత్రాంగి మాట దానికి నిప్పంటించినది.

కావున చిత్రాంగిని మాత్రమే దూషించి లేచిపోవు ప్రేక్షకుడు నాటకమును సగమే చూచినవాడు. శిక్ష వధ్యస్థానమున అమలుజరిగినను, దానికి బీజము పెండ్లిపీటలపైననే పడినది.