గాజును తినే ఆమ్లం

హైదరాబాదు నగరానికి తూర్పున, ఉప్పల్ దాటి వరంగల్ రహదారి వెంట పోచారం వైపు సాగే వారికి, కొత్త ఇండ్ల నడుమ ఇంకా మిగిలివున్న రాతిగుండ్లు అక్కడక్కడ కనిపిస్తాయి. ఎవరో ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఈ గుండ్లు గ్రానైట్ జాతివి. ఈ ప్రాంతపు గ్రానైట్ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకం ఇందులోని ముఖ్య ఖనిజాలు. సిలికాన్, ఆమ్లజనుల సంయోగమైన సిలికా దీని బరువులో నూటికి 70 వంతుల ప్రాంతంలో వుంటుంది.

ఇటువంటి రాతిలో స్వల్పంగా వున్న మూలకాలను సైతం కొలవాలంటే సాధారణంగా రాతిని ముందు ద్రావణంగా మార్చవలెను. చిక్కంతా ఇక్కడే వున్నది. గంధకికామ్లంలో ఎంత మరిగించినా పలుగురాయి చెక్కుచెదరదు. నత్రికామ్లం, ఉదజహరికామ్లాల సంగతీ అంతే. ఈ రెండింటినీ కలిపితే ఏర్పడి, బంగారాన్ని కూడ కరిగించగల ద్రవరాజం సైతం దీని ముందు ఓడిపోతుంది. 1961లో నెలకొని, ఉప్పల్ రోడ్డులో వున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలోని భూరసాయన శాస్త్రజ్ఞులు ఈ పనికి వాడేది హైడ్రోఫ్లోరికామ్లం. మెత్తగా నూరిన రాతిపొడిని దానిలోను, నత్రికామ్లంలోను వేసి, టెఫ్లాన్ పాత్రలకు మూత బిగించి వేడి చేస్తారు. సిలికాన్ పరమాణువు ఆమ్లజనిని విడిచి ఫ్లోరిన్‌తో జతకడుతుంది. అలా ఏర్పడిన సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువు కనుక, తరువాత మూత తీసి ఆవిరి చేస్తే అది ఎగిరిపోతుంది. కొలవదలచిన లోహాలు అడుగున మిగులుతాయి.

గాజు కూడ సిలికాతో చేసినదే. కనుక ఈ ఆమ్లం గాజు సీసాలో నిలువదు. 1771లో స్వీడన్ దేశపు రసాయనజ్ఞుడు షీలే, ఫ్లోర్‌స్పార్ అనే ఖనిజాన్ని గంధకికామ్లంతో కలిపి వేడి చేసినప్పుడు అతని గాజు పాత్రే లోపలివైపు తినివేయబడినది. ఒకప్పుడు దీనిని సీసపు పాత్రలలో దాచేవారు. నేడు పాలిథీన్ సీసాలలో అమ్ముతున్నారు.

ఈ ఆమ్లంతో పనిచేసిన తొలి తరాల వారిలో చాలమంది దెబ్బతిన్నారు. ఐర్లండుకు చెందిన నాక్స్ సోదరులు విషప్రభావంతో మంచం పట్టారు. బ్రస్సెల్స్‌లో లూయే 1850లోను, ఫ్రాన్సులో నిక్లేస్ 1869లోను మరణించారు. చివరకు 1886లో ఫ్లోరిన్‌ను వేరు చేయగలిగిన మొయిస్సాన్‌కు 1906లో నోబెల్ బహుమానం లభించినది.

ఇంతటి ఆమ్లాన్ని రసాయన శాస్త్రం బలహీన ఆమ్లాల పట్టికలో చేర్చడం వింతగా తోచవచ్చును. ఇందులో పొరపాటు లేదు. ఉదజహరికామ్లాన్ని నీటిలో కలిపితే దాని అణువులు దాదాపు అన్నీ అయానులుగా విడిపోతాయి. అందుచేత అది బలమైన ఆమ్లం. హైడ్రోఫ్లోరికామ్లంలో ఉదజనికీ ఫ్లోరిన్‌కూ నడుమ వున్న బంధం చాల గట్టిది. లీటరుకు ఒక మోల్ చొప్పున కలిపిన ద్రావణంలో నూటికి మూడు అణువులైనా విడిపోవు. బలం, బలహీనత అనే మాటలు ఈ విడిపోవడాన్ని గురించి చెప్పేవే గాని, అపాయాన్ని గురించి కాదు. పరీక్షలో ‘బలహీన ఆమ్లం’ అని వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వస్తాయి. ఆ మాటను నమ్మి తొడుగులు లేకుండా సీసాను ముట్టిన వానికి వేళ్ళు పోవచ్చును.

నిజానికి దీని ప్రమాదమంతా ఈ బలహీనతలోనే దాగివున్నది. గంధకికామ్లం చర్మంపై పడిన క్షణమే మండుతుంది. మంట పుట్టగానే మనిషి చేయి వెనక్కు లాగుకొని కుళాయి వద్దకు పరుగెత్తుతాడు. విద్యుదావేశం గల అయానులు చర్మంలోని కొవ్వు పొరలను సులభంగా దాటలేవు. హైడ్రోఫ్లోరికామ్లపు అణువులు మాత్రం విడిపోకుండా, ఆవేశం లేకుండా వుంటాయి గనుక ఆ పొరలను దాటి లోతుకు ఇంకిపోతాయి. అక్కడికి చేరిన తరువాత క్రమంగా విడిపోయి ఫ్లోరైడ్ అయానులను వదలుతాయి. ఫ్లోరైడ్‌కు కాల్షియం కనబడితే విడువదు. రెండూ కలిసి కరగని పదార్థంగా మారుతాయి. మెగ్నీషియాన్ని కూడ అది పట్టుకొంటుంది. కణజాలం చచ్చి, దెబ్బ ఎముక దాకా పోవచ్చును. ఫ్లోరైడ్ రక్తంలోనికి ఎక్కువగా చేరితే అక్కడి కాల్షియం పడిపోతుంది. గుండె కండరం క్రమంగా కొట్టుకోవడానికి కాల్షియం అవసరం. అది తగ్గితే లయ తప్పి, గుండె ఆగిపోవచ్చును. శరీరపు ఉపరితలంలో నూటికి రెండున్నర వంతులు, అనగా వేళ్ళతో సహా రెండున్నర అరచేతులంత మేర గాఢమైన ఆమ్లం పడి మరణించిన సందర్భాలున్నవి.

నొప్పి ఎప్పుడు మొదలవుతుందనేది గాఢతను బట్టి వుంటుంది. నూటికి 50 వంతులకు మించినదైతే వెంటనే తెలుస్తుంది. 20 మొదలు 50 వరకు వున్నదైతే ఒక గంట మొదలు ఎనిమిది గంటలు పట్టవచ్చును. 20కి లోబడినది 24 గంటల దాకా ఏమీ ఎరుగనట్లే వుండవచ్చును. ప్రయోగశాలలకు సాధారణంగా వచ్చే సీసాలలో 40 లేక 48 వంతుల ఆమ్లం వుంటుంది. పగలు చేతిమీద పడిన చుక్కను నీరనుకొని తుడుచుకొన్న మనిషి, రాత్రి భరించరాని నొప్పితో లేస్తాడు. అప్పటికి చర్మం పైకి పెద్దగా ఎర్రబడక పోవడం కూడ కద్దు.

1994లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో జరిగిన ఒక ప్రమాదం ఈ రాతి పనికి సంబంధించినదే. రాళ్ళను కరిగించి వాటిలోని శిలాజ పుప్పొడిని వెలికితీసే ప్రయోగశాలలో, 37 ఏండ్ల సహాయకుడొకడు ఒంటరిగా పనిచేస్తుండగా 70 వంతుల గాఢత గల ఆమ్లం అతని తొడలపై ఒలికినది. అది 100 మిల్లీలీటర్లకు తక్కువ కాదు. గొట్టంతో నీరు పోసుకొని, ఆవరణలోని ఈతకొలనులో దిగినాడు. ఒక కాలు తీసివేసినా, పదిహేను రోజులకు మరణించినాడు. చేతులకు తొడుగులున్నవి గాని, ఒడిని కాపాడే ముందుతొడుగు లేదు. ప్రథమ చికిత్సకు కావలసిన కాల్షియం లేపనం కూడ అక్కడ లేదు.

ఆ లేపనం కాల్షియం గ్లూకొనేట్‌తో చేసినది. నూటికి రెండున్నర వంతుల గాఢత గలది. ఫ్లోరైడ్ శరీరంలోని కాల్షియాన్ని పట్టుకోకముందే బయటినుండి కాల్షియాన్ని అందించడం దీని పని. ఆమ్లం తగిలినదన్న అనుమానం కలిగితే చాలు, నొప్పి కోసం ఎదురుచూడరాదు. బట్టలు, ఉంగరాలు వెంటనే తీసివేసి ధారాళమైన నీటితో అయిదు నిమిషాలు కడిగి, తొడుగులు వేసుకొన్న చేతితో లేపనాన్ని ఎడతెగకుండా రుద్దుతూ ఆస్పత్రికి తీసుకొనిపోవలెను. లేపనం లేనిచోట నీటితో పావుగంటకు తగ్గకుండా కడగవలెను. కంటిలో పడితే నీరే శరణ్యం. లేపనాన్ని కంటిలో పెట్టరాదు. వైద్యునితో ‘ఆసిడ్ పడినది’ అంటే చాలదు, ఆమ్లం పేరు చెప్పితీరవలెను. మామూలు ఆమ్లపు కాలుడుకు చేసే చికిత్స దీనికి సరిపోదు.

నేలపై ఒలికిన ఆమ్లం మీద అలవాటు చొప్పున ఇసుక చల్లేవారున్నారు. ఇసుక సిలికా అయినందున అక్కడికక్కడే విషవాయువు పుడుతుంది. సున్నం గాని, సున్నపురాయి పొడి గాని చల్లవలెను. పని ఎప్పుడూ గాలిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లో, రెండవ మనిషి దగ్గర వుండగానే జరగాలి.

ఉన్నత పాఠశాలకు దీనితో పనేమని అడుగవచ్చును. గాజుపై మైనం పూసి, సూదితో పేరు గీసి, ఫ్లోర్‌స్పార్ పొడిపై గంధకికామ్లం పోసి, వచ్చే ఆవిరిని గాజుకు పట్టించే ప్రయోగం పాత ప్రయోగ పుస్తకాలలో వుండేది. చూడ ముచ్చటైన ప్రయోగమే. ఆ ఆవిరి మాత్రం హైడ్రోఫ్లోరికామ్లమే, ఊపిరితిత్తులలో నీరు చేరేటట్లు చేయగలది. ఫ్యూమ్ హుడ్, లేపనం లేని పాఠశాలలో దీనిని చేయనే రాదు. నగిషీ చెక్కిన గాజు ముక్కను చూపితే పాఠానికి లోటుండదు. బజారులో దొరికే కొన్ని తుప్పుమరకల ద్రవాలలోను, గాజుపై నగిషీకి వాడే లేపనాలలోను ఈ ఆమ్లం గాని, నీటితో కలిసి ఈ ఆమ్లాన్నిచ్చే అమ్మోనియం బైఫ్లోరైడ్ గాని వుండవచ్చును. స్నానాల గదులు కడిగే ఉదజహరికామ్లంతో సమానమనుకొని వీటిని వాడరాదు.

ఫ్లోరైడ్, కాల్షియముల పొత్తు తెలుగువారు ఎరుగనిది కాదు. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలలో ఎముకలు బిగిసిపోయే వ్యాధికి బావినీటిలోని ఫ్లోరైడ్ కారణమని తేలినది. నల్లగొండ గ్రామాల కథ అందరికీ తెలిసినదే. అక్కడ ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా చేరిన ఫ్లోరైడ్ ఎముకలను మార్చివేసినది. ఆ ఫ్లోరైడ్ గ్రానైట్ రాళ్ళలోని ఖనిజాల నుండి నీటిలోనికి దిగినదే. అందువలన పని ముగిసిన తరువాత మిగిలిన ఆమ్లాన్ని తూములో పోయడం క్షమింపరానిది. సున్నపు తేటను ఎక్కువగా కలిపితే కాల్షియం ఫ్లోరైడ్ తెల్లని అవక్షేపంగా అడుగున చేరుతుంది. పైనున్న నీరు నిర్మలంగా కనబడినా నమ్మరాదు. కాల్షియం ఫ్లోరైడ్ మంచినీటిలో లీటరుకు సుమారు 16 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో దాదాపు సగం ఫ్లోరైడే. త్రాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విధించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఎక్కువ సున్నం వేస్తే ఈ శేషం కొంత తగ్గుతుంది. అయినా దానిని పరీక్షించిన పిమ్మటనే ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అప్పగించవలెను.