చెంబు, గంజు, సత్తు గ్లాసు: ఇంటి సామాన్ల బొమ్మలు గీయడం గురించి

చిత్రలేఖనం అనగానే మన హాస్టల్ పిల్లలు గీసేవి రెండే రెండు. ఒకటి, రెండు కొండల మధ్య సూర్యుడు, కింద ఏరు, ఏటి ఒడ్డున కొబ్బరి చెట్టు, పెంకుటిల్లు. అమరచింత చుట్టుపక్కల కొబ్బరి చెట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి గాని, డ్రాయింగ్ పుస్తకంలో మాత్రం ప్రతి పేజీకీ ఒకటి ఉంటుంది. రెండోది నాయకుల బొమ్మలు. అంబేద్కర్ గారి బొమ్మ గీయనివారు మనలో అరుదు. మేమూ అవే గీస్తూ పెరిగాం. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుందని మాకు తెలిసింది చాలా ఆలస్యంగా. అందుకే తమ్ముళ్ళకు ముందుగా తెలిస్తే బాగుంటుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

ఎదురుగా కొన్ని వస్తువులు పెట్టుకుని, వాటినే చూస్తూ గీసే బొమ్మను ఇంగ్లీషులో స్టిల్ లైఫ్ అంటారు. తెలుగులో నిశ్చల చిత్రం అంటున్నారు. చెంబు, పళ్ళెం, ఉల్లిగడ్డ, కందిలి, చెప్పుల జత, ఏదైనా కావచ్చు. మనుషులుండరు, కథ ఉండదు. బొమ్మ చిన్నదైనా ఫర్వాలేదు. మేము గీసేవన్నీ పోస్టుకార్డు సైజే. అంటే 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. ఒక డ్రాయింగ్ షీటు కొంటే ముక్కలు చేసుకుని నెల రోజులు గీయవచ్చు. పైగా చిన్న బొమ్మ ఒక్క సాయంత్రంలో పూర్తవుతుంది. పెద్ద బొమ్మ మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన బాధ ఉండదు.

మన దగ్గర ఈ పద్ధతికి పాత సంప్రదాయం లేదనే చెప్పాలి. చెరియాల నకాషీ పటాల్లో కుండలు, మంచాలు, రోకళ్ళు కనిపిస్తాయి గాని అవి కథలో భాగం. జాంబపురాణం చెప్పే డక్కలివారు పటం విప్పితే అందులోనూ కథే ముఖ్యం. సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య (1925–2012) పల్లె జనాన్ని, పండుగలను గీశారు. తోట వైకుంఠం గారి బొమ్మల్లో పెద్ద బొట్టు పెట్టుకున్న తెలంగాణ స్త్రీలను క్యాలెండర్ల మీద కూడా చూసి ఉంటారు. వీటన్నిట్లో ముందు మనిషి, తర్వాతే వస్తువు. ఒట్టి వస్తువునే ఎదురుగా పెట్టుకుని గీయడం మనకు బడి ద్వారా వచ్చింది. ప్రభుత్వ పరీక్షల విభాగం వారు నడిపే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు తయారయ్యేవారు బకెట్టు, కూజా, డబ్బా వంటివి చూసి గీయడం నేర్చుకుంటారు. ఆ రెండూ పాసై, వేసవిలో 42 రోజుల టీచర్ శిక్షణ చేసినవారు డ్రాయింగ్ టీచరు ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాబట్టి ఇది ఉత్త కాలక్షేపం కాదని ఇంట్లో అడిగితే చెప్పండి.

ఇక యూరప్ సంగతి. అక్కడ ఈ బొమ్మలకు వందల ఏళ్ళ చరిత్ర ఉంది గాని, గౌరవం మాత్రం ఉండేది కాదు. ఫ్రాన్సులో ఆంద్రే ఫెలిబియన్ అనే పండితుడు 1667లో బొమ్మలకు ఒక వరుస కట్టాడు. పురాణాలు, యుద్ధాలు, రాజుల కథలు గీసేవాడు అందరికన్నా పైన. మనుషుల ముఖాలు గీసేవాడు ఆ తర్వాత. జంతువులు గీసేవాడు ఇంకా కింద, చెట్లూ చేలూ గీసేవాడు మరింత కింద. పళ్ళు, పూలు, గవ్వలు వంటి కదలని వస్తువులు గీసేవాడు అట్టడుగున. యూనివర్సిటీ లైబ్రరీలో ఇది చదివినప్పుడు మేము ఆశ్చర్యపోలేదు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు వరుస కట్టే ఉంటారు గదా అనుకున్నాం.

ఆ అట్టడుగు వరుసలోనే షార్దే (1699–1779) అనే ఆయన ఉండేవాడు. పారిస్‌లో వడ్రంగి కొడుకు. 1728లో రాజుగారి చిత్రకళా అకాడమీలో ఆయనను చేర్చుకున్నారు గాని, జంతువులు, పళ్ళు గీసేవాడిగానే. ఆయన గీసిన రాగి నీళ్ళ తొట్టి బొమ్మ ఒకటి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అడుగు ఎత్తు కూడా లేని బొమ్మ. మూడు కాళ్ళ చెక్క స్టాండు మీద రాగి తొట్టి, దానికి కుళాయి, పక్కన ఒక బకెట్టు, ఒక కూజా. అంతే. మన హాస్టల్ వంటగది మూలన ఉండే సామాను లాంటిదే. ఇంకో బొమ్మలో ఒక గ్లాసు నీళ్ళు, మసిబారిన కాఫీ కూజా, వెల్లుల్లి గడ్డలు. రాజుల యుద్ధాలు గీసిన ఆనాటి పెద్దలు ఎందరి పేర్లో ఇవాళ ఎవరికీ గుర్తులేవు. షార్దే బొమ్మల్ని మాత్రం ప్రపంచమంతా చూస్తున్నది.

ఇటలీలో బొలోన్యా ఊరివాడు జోర్జో మొరాండి (1890–1964) ఇంకా విచిత్రమైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అక్కచెల్లెళ్ళతో ఒకే ఇంట్లో ఉంటూ, పడుకునే గదిలోనే బొమ్మలు గీసేవాడు. అవే సీసాలు, అవే డబ్బాలు, అవే కూజాలు. జాగా మార్చి మార్చి నలభై ఏళ్ళకు పైగా గీశాడు. సీసాలు తళతళ మెరిస్తే నచ్చక వాటికి రంగు పూసేవాడట. వాటి మీద పడ్డ దుమ్మును కూడా తుడవనిచ్చేవాడు కాదట. మా అమ్మకు ఈ సంగతి చెబితే, “దుమ్ము తుడవనీకి బద్దకమై అట్ల చెప్పిండు బిడ్డా” అన్నది.

సరే, ఎలా గీయాలో చూద్దాం. ముందు వస్తువులు ఎంచుకోవాలి. రెండు లేదా మూడు చాలు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి ఉంటే బాగుంటుంది. మన హాస్టల్లో ప్రతి ఒక్కరికీ పళ్ళెం, గ్లాసు, ట్రంకు పెట్టె ఉంటాయి కాబట్టి వస్తువుల కొరత లేదు. మాతో చదివిన ఒక పద్మశాలి మిత్రుడు ఇంటి నుంచి నాడె, మూడు పట్టు కండెలు తెచ్చాడు. అమరచింత మగ్గాల ఊరు గదా. పాలిష్ పట్టినట్టు నునుపెక్కిన ఆ నాడె పక్కన ఎర్ర కండె పెడితే, చూస్తూ కూర్చోవాలనిపించింది. ఆ బొమ్మ అతనికి బాగా కుదిరింది, మాకు కుదరలేదు. రోజూ చేతిలో పట్టుకునేవాడికి వస్తువు ఎక్కడ బరువుగా ఉంటుందో తెలుస్తుంది.

వెలుతురు ఒక్క వైపు నుంచే రావాలి. ఒక కిటికీ తెరిచి మిగతావి మూసేయండి. ఉత్తరం కిటికీ అయితే వెలుతురు త్వరగా మారదు. ట్యూబులైటు ఆర్పేయండి. రెండు వైపుల నుంచి వెలుతురు పడితే రెండు నీడలు వస్తాయి. మొదట్లో వాటితో తంటాలు పడలేం.

అందరూ తప్పు చేసేది గ్లాసు మూతి దగ్గర. మూతి గుండ్రమని మనకు తెలుసు కాబట్టి గుండ్రంగా గీస్తాం. గ్లాసు బల్ల మీద నిలబడుతుంది కాబట్టి అడుగు గీత తిన్నగా గీస్తాం. రెండూ తప్పే. గ్లాసును కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకోండి. మూతి ఒక గీతలా కనిపిస్తుంది. మెల్లగా కిందికి దించండి. గీత విచ్చుకుని సన్నని దీర్ఘవృత్తం అవుతుంది. ఇంకా దించితే ఇంకా విచ్చుకుంటుంది. అంటే కంటికి ఎంత కింద ఉంటే అంత గుండ్రం. గ్లాసు అడుగు మూతికంటే కిందనే ఉంటుంది కాబట్టి, అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ ఉండాలి. పదో తరగతి లెక్కల్లో తల బద్దలు కొట్టుకున్నా అర్థం కాని సంగతి, స్టీలు గ్లాసుతో ఐదు నిమిషాల్లో అర్థమైంది.

తర్వాత నీడలు. కళ్ళు చిట్లించి చూడండి. చిన్న చిన్న వివరాలు పోయి వెలుగు ఒక ముద్దగా, చీకటి ఒక ముద్దగా కనిపిస్తాయి. ముందు ఆ రెండు ముద్దల్నే వేయాలి. వస్తువు మీద ఉండే నీడ వేరు, వస్తువు వల్ల బల్ల మీద పడే నీడ వేరు. బల్ల మీది నీడ వస్తువు మొదట్లో ముదురుగా, అంచు తెగినట్టు ఉండి, దూరం పోయిన కొద్దీ పలచబడి మసకగా అవుతుంది. ఇంకో సంగతి. నీడ వైపు చివరి అంచున మళ్ళీ కొంచెం వెలుగు కనిపిస్తుంది. అది బల్ల మీది నుంచి తిరిగి కొట్టిన వెలుగు. దాన్ని వేస్తేనే చెంబుకు వెనకవైపు కూడా ఉందని చూసేవారికి తోస్తుంది.

రంగుల విషయంలో నల్ల ట్యూబు జోలికి పోవద్దని మా మాట. అల్ట్రామెరైన్ నీలం, బర్ంట్ సియెన్నా కలిపితే మంచి బూడిద రంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వెచ్చగా ఉంటుంది. సత్తు గిన్నెకు, స్టీలు చెంబుకు, గోడ మీది నీడకు అదే చాలు. మట్టి కుండకు సియెన్నా ముందుంటుంది. ఇత్తడికి ఎల్లో ఓకర్ వేసి, నీడలో కొంచెం ఆకుపచ్చ తగిలించాలి. వాటర్ కలర్‌లో తెలుపు అంటే వదిలేసిన కాగితమే. మెరుపు ఎక్కడ రావాలో ముందే చూసుకుని అక్కడ కుంచె పెట్టకూడదు. ఒకసారి రంగు పడ్డాక ఆ తెలుపు తిరిగి రాదు. పోస్టర్ కలర్ అయితే చివర్లో తెలుపు పెట్టుకోవచ్చు గాని, మాకు ఆ తెలుపు సున్నం చుక్కలా అనిపిస్తుంది.

సత్తుకు, స్టీలుకు తేడా తెలుసుకోవాలి. స్టీలు చెంబులో గది మొత్తం కనిపిస్తుంది, కిటికీ, తలుపు, గీసే మనం కూడా. దాని మెరుపు పదునుగా ఉంటుంది. బూడిదతో తోమి తోమి అరిగిన సత్తు గంజు మెరవదు. దాని మీద వెలుగు పొగలాగా పరుచుకుంటుంది. మా ఇంట్లో అలాంటి గంజు ఒకటుంది. అమ్మా నాయనా పుణేకు వలస పోయిన ఏళ్ళలో అది కూడా మూటలో పోయింది, మేము హాస్టల్లో ఉన్నాం. తిరిగి వచ్చేసరికి దానికి ఒక సొట్ట పడింది. ఎట్ల పడిందో అమ్మ ఒక్కోసారి ఒక్కో తీరుగా చెబుతుంది. సొట్ట గీయడం చాలా కష్టం. వెలుగు సాఫీగా వస్తూ వస్తూ అక్కడ తెగిపోయి, చిన్న చీకటి, మళ్ళీ చిన్న వెలుగు. మొదటి మూడు బొమ్మల్లో అది మరకలాగా వచ్చింది. నాలుగోసారి సొట్టలాగా వచ్చింది.

ఆ బొమ్మను డిగ్రీలో ఉండగా ఒక పోటీకి పంపాం. అక్కడ చూసినాయన, “ఇంట్లో ఇంతకంటే మంచి వస్తువే దొరకలేదా? పూలకుండీయో, పళ్ళ బుట్టో పెట్టుకోవాల్సింది” అన్నాడు. తప్పుగా గీశామంటే ఒప్పుకునేవాళ్ళమే. మసి పట్టిన అడుగు భాగం నిజంగానే సరిగా రాలేదు. కానీ ఆయన దాన్ని గురించి ఏమీ అనలేదు. తర్వాత కొన్నాళ్ళు మేము కూడా ఆపిల్ పళ్ళు, గాజు కుండీ ఊహించుకుని గీశాం. చూడని వస్తువుకు నీడ ఎటు పడుతుందో తెలియక ప్రతిదీ క్యాలెండరు బొమ్మలాగే వచ్చింది. పళ్ళ బుట్ట ఉన్న ఇంటివాడు పళ్ళ బుట్ట గీయాలి, మాకేం అభ్యంతరం లేదు. మా ఇంట్లో ఉన్నది గంజు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఇంటి ముందర కూర్చుని సత్తు గ్లాసు గీస్తున్నాం. నాయన వచ్చి పక్కన కూర్చుని, “హోటల్ల మాకు పోసే గ్లాసు అచ్చం గిట్లనే ఉంటుండె” అన్నాడు. నాయన చిన్నతనంలో వాళ్ళ ఊరి హోటల్లో మావాళ్ళకు గ్లాసు వేరే. ఈ సంగతి విన్నాం గాని, గ్లాసు ఎట్లుండేదో ఎన్నడూ అడగలేదు. బొమ్మ గీసేవాళ్ళం కాబట్టి ఆనాడు అడిగాం. ఎక్కడ పెట్టేవారు? బయట చూరు కింద, గుంజకు కొట్టిన చీలకు బోర్లించి. ఎవరు కడిగేవారు? తాగినోళ్ళే. వెలుతురు ఎటు నుంచి? ఈ ప్రశ్నకు నాయన కాసేపు ఆలోచించాడు. “పొద్దుగాల కూలికి పోయేటప్పుడు తాగుతుంటిమి. ఎండ మొకం మీద కొడుతుండె. అంటే తూర్పు దిక్కు నుంచే గదా” అన్నాడు.

అంత తెలిస్తే గీయవచ్చు. కర్ర గుంజను దండెం కట్టిన గుంజ చూసి వేశాం. చీలకు గ్లాసు బోర్లించి, ఉదయం ఏడింటికి ఎండలో కూర్చుని వేశాం. కడిగిన గ్లాసు కాబట్టి అంచున నీటి చుక్క ఉండాలన్నాడు నాయన. అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలేశాం. నాయన చూసి, చీల ఇంకొంచెం పైన ఉండేదన్నాడు. రెండోసారి వేశాం.

లోపల అందరూ తాగే గ్లాసును కూడా పక్కన గీద్దామనుకుని, అది ఎట్లుండేదని అడిగాం.

“దాన్ని నేను పట్టుకుంటె గదా బిడ్డా, ఎట్లున్నదో చెప్పనీకి” అన్నాడు.

అందుకని ఆ బొమ్మలో ఒక్క గ్లాసే ఉంది. వార్షికోత్సవం నాడు దాన్ని, సొట్ట గంజు బొమ్మను, మిత్రుడి నాడె బొమ్మను నోటీసు బోర్డు పక్కన పెడుతున్నాం. మూడూ పోస్టుకార్డు సైజే కాబట్టి దగ్గరకు వచ్చి చూడాలి.