నడుము నొప్పి: పని మానాలా, పని మారాలా?

పక్కటెముకల కింది అంచుకూ పిరుదుల మడతలకూ మధ్య వీపు వైపున వచ్చే బాధను వైద్యశాస్త్రం నడుము నొప్పిగా గుర్తిస్తుంది. అది 12 వారాలు దాటితే దీర్ఘకాలికమైనదిగా పరిగణిస్తుంది. 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది దీనితో బాధపడ్డారని, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంచనా. ప్రాణం తీసేది కాదు కనుక మరణాల పట్టికలో దీని ఊసు ఉండదు గాని, ఒళ్లు సహకరించక మనుషులు గడిపే సంవత్సరాలను లెక్క తీస్తే అన్ని జబ్బుల కంటే ముందు నిలిచేది ఇదే.

నడుము మీద పని వేసే భారం వరిమడిలో స్పష్టంగా కనబడుతుంది. నాట్లు వేసే స్త్రీ ఒక చేత నారు కట్ట పట్టుకుని, రెండో చేత్తో రెండు మూడు మొక్కల చొప్పున విడదీసి బురదలో గుచ్చుతూ, వెనక్కి అడుగులు వేస్తూ గంటల తరబడి వంగే ఉంటుంది. మనిషి వంగడం మొదలుపెట్టినప్పుడు మొండెం బరువును వెన్ను కండరాలు మోస్తాయి. పూర్తిగా వంగేసరికి అవి దాదాపు పని మానేసి, ఆ బరువును వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీల వంటి లిగమెంట్లకూ, పూసల మధ్య మెత్తల్లా అమరిన డిస్కులకూ వదిలేస్తాయి. చాలాసేపు సాగి ఉన్న లిగమెంటు మనిషి లేచి నిలబడగానే మునుపటి బిగువు పుంజుకోదు. గట్టు మీది తడినారు కట్టను చటుక్కున ఎత్తబోయినప్పుడు నడుము పట్టేయడానికి ఒక కారణం ఇదే కావచ్చు.

ముఠా కూలీల విషయంలో కారణం బరువే. వయోజనుడైన పురుషుడు 55 కిలోలకు మించి మోయరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది; కోస్తా జిల్లాల్లో ధాన్యం బస్తా అంటే 75 కిలోలన్న లెక్క ఇంకా చెల్లుతూనే ఉంది.

అయితే ఫలానా పూస, ఫలానా నరం అని వేలుపెట్టి చూపగల నడుము నొప్పి తక్కువ. దాదాపు 90 శాతం కేసుల్లో నిర్దిష్ట కారణం దొరకదు. స్కానింగ్ నివేదికలో ‘డిస్క్ అరిగింది’ అన్న మాట చూసి బెంబేలెత్తడం సహజమే గాని, నొప్పి ఎరుగని ఇరవై ఏళ్ల వారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వారిలో 96 శాతం మందికి అటువంటి మార్పులే కనిపించాయని 2015లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. మూత్రం, మలం మీద అదుపు తప్పడం, తొడల లోపలి వైపు తిమ్మిరెక్కడం, కాలు బలహీనపడడం, జ్వరం, బరువు తగ్గడం వంటి లక్షణాలు తోడైతే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి చూడాలి.

మంచం పట్టి విశ్రాంతి తీసుకోవాలన్న పాత సలహా నిలవలేదు. ఫిన్లాండ్‌లో హెల్సింకీ నగర ఉద్యోగులు 186 మందిపై జరిపిన పరీక్షలో, మంచం దిగని వారి కంటే, వ్యాయామాలు చేసిన వారి కంటే కూడా, ఓర్చుకోగలిగినంత మేర మామూలు పనులు చేసుకున్నవారే త్వరగా కోలుకున్నారని 1995లో వెల్లడైంది. దీర్ఘకాలిక నొప్పికి నడుము బెల్టులను మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల్లో సూచించింది. మందుల దుకాణాల్లో వాటి గిరాకీ తగ్గిన జాడ లేకపోవడం వేరే సంగతి.

పని మానకుండా తేలిక చేసుకోమన్న ఈ సలహా, పనిని మార్చుకునే వీలున్నవారికే అక్కరకొస్తుంది. కుర్చీ ఎత్తు సరిచేసుకుని, గంటకోసారి లేచి నడవగల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఆ వీలుంది. ఈఎస్‌ఐ పరిధిలోని కార్మికుడికి అర్హతను బట్టి ఏడాదికి 91 రోజుల వరకు 70 శాతం వేతనం అనారోగ్య భత్యంగా అందుతుంది. పొలం కూలికి ఆ రెండూ లేవు. ఎకరానికి ఇంతని గుత్తకు ఒప్పుకున్న నాట్లలో, నడుము సాచుకోవడానికి కాసేపు నిలబడిన మనిషి వరుసలో వెనకబడుతుంది. ఆమె వంతు మిగతావారు పూర్తిచేయవలసి వస్తుంది. మరుసటి పొలానికి జట్టు కట్టేటప్పుడు ఆమెను పిలిచేవారుండరు.