కేన్సర్ జాడ తెలిపే రేడియోధార్మిక ప్రతిరక్షకాలు

ఇబ్రహీంపట్నం (ఎన్టీఆర్ జిల్లా): శరీరంలో కేన్సర్ ఎంతవరకు వ్యాపించినదీ కచ్చితంగా తెలిసినప్పుడే శస్త్రచికిత్స అవసరమా, మందులు సరిపోతాయా అన్నది వైద్యులు నిర్ణయించగలుగుతారు. సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలు ప్రధానంగా గడ్డ ఆకారాన్ని, పరిమాణాన్ని చూపుతాయి. ఆ గడ్డ స్వభావాన్ని తెలుసుకొనేందుకు రూపొందినదే రేడియోధార్మిక ప్రతిరక్షకాల విధానం.

నేపథ్యం

ప్రతిరక్షకం అనగా శరీర రక్షణ వ్యవస్థ తయారుచేసే మాంసకృత్తు. తాళానికి తాళంచెవి వలె ఒక్కొక్క ప్రతిరక్షకం ఒక నిర్దిష్ట పదార్థానికే అతుక్కుంటుంది. ఒకే రకమైన ప్రతిరక్షకాలను ప్రయోగశాలలో తయారుచేసే పద్ధతిని 1975లో కోలర్, మిల్‌స్టీన్ కనుగొన్నారు. ఇందుకు 1984లో వారికి నోబెల్ బహుమతి లభించింది. 1978లో అమెరికా వైద్యుడు డేవిడ్ గోల్డెన్‌బర్గ్ బృందం అయోడిన్-131 చేర్చిన ప్రతిరక్షకాలతో రోగులలోని కేన్సర్ గడ్డలను చిత్రీకరించింది.

తయారీ విధానం

అయోడిన్‌ను ప్రతిరక్షకంలోని టైరోసిన్ అనే భాగానికి నేరుగా కలుపవచ్చును. ఇండియం, జిర్కోనియం వంటి లోహాలను పట్టి ఉంచడానికి మాత్రం కీలేటర్ అనే రసాయన బంధకం కావాలి. ఈ బంధం సడలరాదు. విడిపోయిన అయోడిన్ థైరాయిడ్ గ్రంథికి, జిర్కోనియం ఎముకలకు చేరి చిత్రాన్ని తప్పుదోవ పట్టిస్తాయి. కనుక ఇంజక్షన్ ఇచ్చే ముందు మందు శుద్ధతను పరీక్షించడం తప్పనిసరి.

కాలమే కీలకం

ప్రతిరక్షకం పెద్ద అణువు. అది రక్తం నుండి తొలగి గడ్డ వద్దకు చేరడానికి కొన్ని రోజులు పడుతుంది. 6 గంటల అర్ధాయువు గల టెక్నీషియం-99ఎం ఒక రోజులోనే పదహారో వంతుకు తగ్గిపోతుంది. అర్ధాయువు 3.3 రోజులు గల జిర్కోనియం-89 మాత్రం అదే సమయంలో సుమారు ఐదో వంతు మాత్రమే తరుగుతుంది. తయారీ కేంద్రాలకు దూరంగా ఉన్న కృష్ణా డెల్టా వంటి ప్రాంతాలకు ఈ తేడా ఎంతో ముఖ్యమైనది.

తెలుగు ఇంటిపేరు గల శాస్త్రవేత్త శంకర్ వల్లభజోస్యుల న్యూయార్క్‌లోని వీల్ కార్నెల్ వైద్య కళాశాలలో సహచరులతో కలిసి ప్రోస్టేట్ కేన్సర్‌ను గుర్తించే జె591 ప్రతిరక్షకానికి ఇండియం-111, లుటీషియం-177 చేర్చి, అది శరీరంలో ఏయే అవయవాలకు ఎంత చేరుతున్నదీ పరిశీలించారు. చికిత్సలో ఇవ్వదగిన మోతాదును ముందుగా అంచనా వేయడానికి ఇటువంటి కొలతలే ఆధారం.

ఫలితాలు, పరిమితులు

జిర్కోనియం-89 చేర్చిన గిరెంటక్సిమాబ్‌తో 284 మంది మూత్రపిండ రోగులపై జరిపిన అధ్యయనం ఫలితాలు 2024లో వెలువడినాయి. ఒక నిర్దిష్ట రకం కేన్సర్ ఉన్నవారిలో 85 శాతానికి పైగా రోగులలో ఈ పరీక్ష దానిని సరిగా గుర్తించింది. అయితే ప్రోస్టేట్ కేన్సర్ విషయంలో, సుమారు గంటలోనే చిత్రం ఇవ్వగల చిన్న అణువులు ప్రతిరక్షకాల స్థానాన్ని చాలావరకు ఆక్రమించినాయి.

భయం వద్దు, జాగ్రత్త అవసరం

చిత్రీకరణకు వాడే మోతాదు చికిత్సకు వాడే మోతాదు కంటే చాలా తక్కువ. ఇది అంటువ్యాధి కాదు. రేడియోధార్మికత తనంతట తానే తరిగిపోతుంది. అయినప్పటికీ గర్భిణులు, పాలిచ్చే తల్లులు తమ స్థితిని వైద్యులకు ముందుగానే తెలుపవలెను. ఇటువంటి పరీక్షలు జరిపే ఆసుపత్రులకు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండవలెను. రేడియేషన్ అనే మాటకు బెదిరి పరీక్షను వాయిదా వేసుకుంటే, ఆ వ్యవధిలో ముదిరేది వ్యాధియేనన్న విషయాన్ని ప్రజలకు వివరించవలసిన అవసరం ఉన్నది.